తలుపు లేని డకోటా

కట్టుడు పళ్ళు చేసేవాళ్ళకి ఓపిక ఎక్కువని జనం అనుకుంటారు. పని దగ్గర అది నిజమే. ఒక్క కోరపన్ను మైనంలో సరిగ్గా నిలబడేదాకా నేను మంచినీళ్ళు కూడా ముట్టను. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ ఓపిక ఎటు పోతుందో తెలియదు. కోపం నా ముక్కు మీదే ఉంటుంది. నెల్లితోపులో నేను పనిచేసే దంతాల ల్యాబ్‌లో అందరికీ ఈ సంగతి తెలుసు. ఇంట్లో ఇంకా బాగా తెలుసు. ఈ ఊళ్ళో ముసలివాళ్ళంతా మా అక్క పళ్ళతో వడలు తింటున్నారు, మేము మాత్రం తిట్లు తింటున్నాము అంటాడు మా తమ్ముడు.

వాడు టౌన్ బస్సు డ్రైవరు. ముదలియార్‌పేటలో మా ఇంటి మేడ మీద భార్యతో ఉంటాడు. కింద అమ్మా నేనూ ఉంటాం. నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో మేం మాట్లాడుకునేది తెలుగే అయినా, ఇక్కడి బళ్ళలో చదువంతా అరవమే కనుక, ఆ అక్షరాలు చదవడం వచ్చింది నాకొక్కదానికే. అది కూడా పెద్దయ్యాక పంతం పట్టి నేర్చుకున్నది. అందుకని నేనేం రాసుకున్నా ఇంట్లో ఎవరూ చదివే ప్రమాదం లేదు. ధైర్యంగా రాయవచ్చు.

అమ్మ కళ్ళలో ఒత్తిడి పెరిగిందని తెలిసేనాటికే చూపు చాలావరకు పోయింది. పక్కల నుంచి కమ్ముకుంటూ వచ్చే జబ్బు అది. మొదట గుమ్మం పక్కనున్న బకెట్టు కనపడదు, తర్వాత కంచంలో ఒక పక్కనున్న కూర కనపడదు. చివరికి సన్నటి గొట్టంలోంచి చూస్తున్నట్టు ఎదురుగా కొంచెం మాత్రం మిగులుతుంది. కూర కనపడక వట్టి అన్నం తిని లేచిన రోజున కూడా అమ్మ ఆకలి లేదనే చెప్పింది. ఆమె తీరే అంత. కంటి డాక్టరమ్మ చుక్కల మందు రాసి, నన్ను బయటికి పిలిచి అరవంలో మెల్లగా చెప్పింది. పోయింది తిరిగి రాదు, ఉన్నది కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను, ఆమెకి ఏదైనా చూడాలని ఆశ ఉంటే ఇప్పుడే చూపించండి అంది.

ఆటోలో వస్తూ అడిగాను. తిరుపతి అంటుందనుకున్నాను. సెలవు ఎలా పెట్టాలా అని లోపల లెక్కలు కూడా మొదలుపెట్టేశాను.

ఆటో నెల్లితోపు మార్కెట్టు దాటాక అమ్మ అంది, "మీ నాయన పొయ్యే ఏరోప్లేన్ చూడల్ల నేను."

"ఏందీ?"

"ఆ ఏరోప్లేన్‌లో ఆయన యాడ నిలబడతా ఉండెనో, అది చూడల్ల. అంతే. ఇంకేం వొద్దు."

నాయన సైన్యంలో పనిచేశాడు. తుపాకీ పట్టే పని కాదు. ఈశాన్యంలో, రోడ్డు లేని కొండల మీద కాపలా ఉండే జవాన్లకి విమానంలోంచి సరుకులు జారవిడిచే పని. ఆ విమానం పేరు డకోటా. రెండు పంకాలు, లావుపాటి పొట్ట, నేల మీద నిలబడితే ముక్కు ఆకాశంలోకి, తోక మట్టిలోకి. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని, సామాన్లని మోసిన విమానమే ఆ తర్వాత మన కొండలకి బియ్యం మోసింది. సెలవులకి వచ్చినప్పుడు నాయన చెప్పే కథలన్నీ నవ్వుకునే కథలే. గొడుగు కట్టి దించిన మేక కింద పడగానే లేచి గడ్డి మేయడం మొదలుపెట్టిందట. ఉప్పు మూట ఒకటి దారి తప్పి ఎవరిదో పొయ్యి మీది కుండలో పడిందట. బియ్యం సంచి పగిలినా గింజ పోకుండా ఒక గోనెసంచిలో ఇంకో గోనెసంచి పెట్టి కుట్టేవాళ్ళట, లోపలిది పగిలితే బయటిది పట్టుకుంటుందని. ఇవి విన్న మేమందరం, అమ్మతో సహా, నాయన మా టౌన్ బస్సులాంటి దాంట్లో కిటికీ పక్కన కూర్చుని మూటలు విసురుతున్నట్టు ఊహించుకున్నాం.

నాయన పెద్దకర్మ రోజున అరియాంకుప్పం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నాయనతో కలిసి పనిచేసినవాడు. ఆకు ముందు కూర్చుని నాయనని పొగుడుతూ, మా పనికి గుండె ధైర్యం కావాలమ్మా, విమానానికి తలుపు ఉండేది కాదు, పీకి పక్కన పెట్టేసేవాళ్ళు, గంట మోగగానే చిన్న మూటలు నిలబడి తోసేవాళ్ళం, పెద్దవాటిని వెల్లకిలా పడుకుని కాళ్ళతో తన్నేవాళ్ళం, మీ ఆయన ఎప్పుడూ వాకిలి దగ్గరే అన్నాడు. వడ్డిస్తున్న అమ్మ చేయి పాయసం గిన్నెలోనే ఆగిపోయింది. ఆయన వెళ్ళాక నన్ను ఒకటే మాట అడిగింది, తలుపు లేకుండానా అని. అవునన్నట్టుంది కదమ్మా అన్నాను. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. నేను మరిచిపోయాను. ఆమె ఇన్నేళ్ళూ దాన్ని మనసులో పెట్టుకునే తిరిగిందని ఆ ఆటోలో తెలిసింది.

ముందు ఫోనులో చూపించాను. ఆ వెలుగుకి అమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారాయి. విమానం ముక్కు కనపడితే తోక కనపడదు, తోక దొరికేలోపల బొమ్మ మారిపోతుంది. "దీంట్లో వాకిలి యాడ ఉండాదో తెలీలే పాపా" అని పక్కన పెట్టేసింది. బొమ్మ కాదు, చేతిలో పట్టుకుని, కంటికి దగ్గరగా తెచ్చుకుని, తిప్పి తిప్పి చూసుకునే వస్తువు కావాలని అప్పుడు తోచింది నాకు. నా బతుకంతా చేసింది అలాంటి వస్తువులే కదా. మనిషి నోటిని అచ్చు తీసి చేతిలోకి తెచ్చేదాన్ని, విమానాన్ని తేలేనా అనుకున్నాను.

తమ్ముడు ఫోనులో వెతికి నమూనా సామాను పెట్టె ఒకటి తెప్పించాడు. అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు. రెక్కలు విప్పితే మా భోజనాల బల్లకి అడ్డంగా సరిపోతుంది. పెట్టె తెరిస్తే విమానం లేదు, బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలకి అంటుకుని ఉన్న చిన్న చిన్న ముక్కలు. తమ్ముడు నోరు వెళ్ళబెట్టాడు.

"అక్కా, ఇది విమానమా, నువ్వు నమిలి పారేసిందా? దీనికన్నా నా బస్సు చూపించి ఇదే డకోటా అని చెప్పు. శబ్దం అదే, పొగ అదే."

"నీ బస్సుకి తలుపులున్నాయి కదరా" అన్నాను.

"యాడుండాయి? అవి మూసుకొని శానా ఏండ్లాయె" అంటూ మెట్లెక్కి పోయాడు.

ల్యాబ్ నుంచి వచ్చాక పొద్దుగూకేదాకా, ఆదివారాలు మధ్యాహ్నమంతా, కిటికీ దగ్గర బల్ల వేసుకుని కూర్చునేదాన్ని. అమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది. ముక్కల్ని చట్రం నుంచి కత్తిరించడం, అంచులు ఆకురాయితో నునుపు చేయడం, పొడిగా పెట్టి చూసుకుని తర్వాత అతికించడం. కొత్త పనేమీ కాదు, అన్నీ నా చేతులకి తెలిసినవే. పన్ను పక్కన పన్ను కూర్చున్నట్టు ముక్క పక్కన ముక్క కూర్చుంటుంటే ఒళ్ళు పులకరించేది. ల్యాబ్‌లో చేసినవన్నీ ఎవరో తెలియని నోళ్ళలోకి పోతాయి. ఎవరికోసం చేస్తున్నానో ఆ మనిషి పక్కనే కూర్చుని ఉండటం నాకదే మొదటిసారి. సంతోషంగా ఉండేది. ఆ మాట దాచుకోవాల్సిన అవసరం లేదు, చాలా సంతోషంగా ఉండేది.

ఆ సంతోషంలోనే ఒక పెద్ద తప్పు చేశాను. అలాంటి తప్పు నాలాంటిదే చేయగలదు. పెట్టెతోపాటు వచ్చిన జిగురు నాకు నచ్చలేదు. నీళ్ళలా ఉంది, ఇదేం పట్టుకుంటుందిలే అనుకుని ల్యాబ్ నుంచి మా లిక్విడ్ చిన్న సీసాలో తెచ్చాను. చిగుళ్ళ రంగు పొడిలో కలిపి కట్టుడు పళ్ళకి పట్టు పోసేది అదే. దాని ఘాటు వాసన పీలిస్తే నాకు ఇంట్లో ఉన్నట్టుంటుంది. విమానం పొట్ట రెండు సగాలనీ దాంతో అతికించి, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. చూస్తుండగానే ప్లాస్టిక్ వెన్నలా మెత్తబడింది. చేతులు తీసి చూస్తే పొట్ట కింద నా బొటనవేలి గుర్తు లోతుగా దిగిపోయి ఉంది, ఒక పక్క గుంట పడింది.

పళ్ళు నూరాను, ఆ లిక్విడ్‌ని, దాన్ని కనిపెట్టినవాణ్ణి, నన్ను, అందరినీ వరసగా తిట్టాను. తర్వాత ఏం చేస్తాను, నాకొచ్చిన విద్యతోనే బాగు చేశాను. చిగుళ్ళ పొడి విడిగా గట్టిపరిచి, ఆ గుంటకి సరిపడా అరగదీసి, ఈసారి బుద్ధిగా పెట్టెలోని జిగురుతోనే అతికించాను. బూడిదరంగు విమానానికి పొట్ట కింద గులాబీరంగు చిగురు వచ్చింది.

"ఏమే, అంత అరిస్తివి, ఏమాయె?" అంది అమ్మ.

"నీ మొగుడి ఏరోప్లేన్‌కి చిగురు కట్టినా."

అమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె అలా నవ్వి చాలా రోజులైంది. నా కోపం ఎటు పోయిందో నాకే తెలియలేదు.

ఒక్కో భాగం అయినప్పుడల్లా అమ్మ చేతికి ఇచ్చేదాన్ని. ఆమె కంటి దగ్గరికి తెచ్చుకుని, మెడ అటూ ఇటూ తిప్పి, బాగుండాది అనేది. చక్రాలు పెట్టినప్పుడు బాగుండాది, పంకాలు పెట్టినప్పుడు బాగుండాది. ఒకరోజు రెక్కలు అతికించాక అస్తరు రంగు వేసి ఇచ్చాను. అస్తరంటే అసలు రంగు కింద వేసే మట్టి రంగు పూత, ఏ మెరుపూ ఉండదు. అమ్మ చూసి, "వెండి చెంబు మాదిరి తళతళమంటా ఉండాదే" అంది.

"ఇంకా వెండి వెయ్యలేదమ్మా. ఇది అస్తరు."

"అట్నా? ఎండ పడి నాకట్ల అగపడె" అంది.

కిటికీలో ఎండ లేదు. వాన మబ్బు పట్టి ఉంది. నేను ఆ సంగతి గమనించాను, గమనించి ఊరుకున్నాను. ఆలోచిస్తే పని ఆగిపోతుందని నాకు లోపల ఎక్కడో తెలుసు.

ఆయుధ పూజ నాటికి వెండి రంగు కూడా అయింది. వీపు మీద తెల్లటి పట్టీ, తోక మీద గుర్తులు, అన్నీ వేశాను. పొట్టకి ఎడమ పక్క, రెక్క వెనకాల, పెద్ద వాకిలి. తలుపు ముక్కలు పెట్టెలోనే ఉంచేశాను. ఇంక రంగు చెదరకుండా పైన వార్నీషు పూత ఒకటి మిగిలింది.

మా ఇంట్లో ఆయుధ పూజకి బొట్లు పెట్టేది అమ్మే. ఎవరినీ పెట్టనివ్వదు. గంధం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది. కత్తిపీట, కుట్టుమిషను, తమ్ముడి స్కూటరు, నా మైనం కత్తులు, ఆకురాళ్ళు, చిన్న మోటారు, ఇంట్లో ఏది పనిచేస్తే దానికి బొట్టు. విమానానికి మాత్రం వద్దు, రంగు పచ్చిగా ఉంది అని ముందే చెప్పాను. సరి సరి అంది. నేను బయట తమ్ముడి స్కూటరు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయకి కర్పూరం వెలిగించి, మరదలు పళ్ళెంలో పోసిన బొరుగులు పక్కింటివాళ్ళకి పంచి లోపలికి వచ్చాను.

విమానం నిండా బొట్లు. ముక్కు మీద, రెండు పంకాల మీద, రెక్కల చివర్ల, తోక మీద. తడి గంధం, దాని మీద కుంకుమ. ఆ తడికి ఎరుపు వెండిలోకి దిగి చారలు కట్టింది. ఒక కిటికీ వరసంతా అరచేయి రాసుకుపోయి మసకబారింది.

నా ఒళ్ళు మండిపోయింది. "వొద్దని చెప్పినానా లేదా? ఎన్నాళ్ళ పని ఇది! కండ్లు పెట్టుకొని చూసేది లేదా?" అని అరిచాను. మరదలు మెట్ల మీదే ఆగిపోయింది. అమ్మ గంధం గిన్నె పట్టుకుని, నా వైపు కాదు, నేను మాట్లాడుతున్న వైపుకి కొంచెం పక్కగా మొహం పెట్టి నిలబడింది.

ఆ మొహం చూశాక మిగతావి చూశాను. నా మైనం కత్తి పక్కన బల్ల మీద ఒక బొట్టు ఉంది, కత్తి మీద లేదు. కుట్టుమిషను బొట్టు చక్రం అంచు నుంచి జారి గోడకి అంటింది. విమానం పక్కనున్న ఆవకాయ జాడీకి కూడా బొట్టు పెట్టింది. అది పనిముట్టు కాదని మా అమ్మకి తెలియదా?

"అమ్మా" అన్నాను.

"తడివి తడివి పెట్టినా పాపా. ముక్కుకీ రెక్కకీ పెట్టకుండా ఎట్ల విడిచేది, పండగ పూట. రంగు చెడిపోయెనా?"

"ఎప్పటినించి?"

గిన్నె చేతిలోంచి తీసుకుని ఆమెని స్టూలు మీద కూర్చోబెట్టాను. చేతివేళ్ళకి గంధం ఎండి పగుళ్ళు పట్టింది.

"రెక్కలు అతికించినావే, అప్పటికే ఏమీ అగపళ్ళే. వెలుతురు తెలుస్తాది, అంతే."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నిలిపేస్తావు గదా." వేళ్ళ మీది గంధం గిల్లుకుంటూ అంది, "నువ్వు పనిచేస్తా పాట పాడతా ఉంటివి. చిన్నప్పుడు పాడతా ఉంటివి, మళ్ళా ఇప్పుడే. ఆ పాట విందామని కూర్చుంటి."

నేను పాడుతున్నానని నాకే తెలియదు. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. ఈ వయసులో, పండగ పూట, మరదలు చూస్తుండగా. అమ్మ గంధం చేత్తోనే నా తల నిమిరింది.

మర్నాడు మళ్ళీ కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె లైటు వేసి చూసి, వెనక్కి వాలి, తల అడ్డంగా ఊపింది. మందులు ఆపవద్దు, నొప్పి రాకుండా ఉంటుంది అంది. అంతే చెప్పగలిగింది. తిరిగి వచ్చేటప్పుడు అమ్మే నన్ను ఓదార్చింది. పరవాలే, ఇంట్లో అన్నీ యాడుండాయో నాకు తెలుసు, పొయ్యి తెలుసు, బావి తెలుసు, నువ్వు తెలుసు అంది.

నాకు మాత్రం ఒకటే బాధ. నాయన ఎక్కడ నిలబడ్డాడో ఆమె చూడలేదు. అడిగింది ఒక్కటే, నేను రెక్కలకి మెరుగులు పెట్టుకుంటూ ఆలస్యం చేశాను. ఎర్ర చారల విమానం బల్ల మీద అలాగే ఉంది. కొన్నాళ్ళు దాని వైపు చూడలేకపోయాను.

ల్యాబ్‌లో ఒక పెద్దావిడ పైపళ్ళసెట్టు సరిచేస్తున్నాను ఒకరోజు. ఆవిడ నోట్లో ఎక్కడో గుచ్చుకుంటోందని వెనక్కి పంపారు. కంటికి ఏమీ లేదు, నున్నగా ఉంది. వేలు పెట్టి మెల్లగా రాస్తే తెలిసింది, అంచున వెంట్రుకంత గరుకు. కంటికన్నా వేలికే ముందు తెలుస్తుందని ల్యాబ్‌లో కొత్తవాళ్ళకి నేనే పాఠం చెబుతాను. ఆ మాట మా ఇంటికి కూడా వర్తిస్తుందని నా మట్టిబుర్రకి అప్పటిదాకా తట్టలేదు.

ఆ ఆదివారం విమానాన్ని సబ్బునీళ్ళతో రుద్దాను, పోని రంగుని గరుకు కాగితంతో గీకేశాను. వెండి పోయింది, తెల్ల పట్టీ పోయింది, గుర్తులు పోయాయి. తర్వాత చిన్న మోటారుకి సన్నటి రంపపు బిళ్ళ తగిలించి విమానం వీపు కోయడం మొదలుపెట్టాను. శబ్దానికి తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, పిచ్చా ఏంది నీకు? అంత బాగా చేసి కోస్తా ఉండావే!"

"ఎవరికి బాగుండాలిరా? నీకా?"

వాడు ముందుకి వచ్చి, విమానం కదలకుండా రెండు రెక్కలూ పట్టుకున్నాడు. పని అయ్యేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

వీపు ముక్క పైపళ్ళసెట్టులా ఊడి చేతిలోకి వస్తుంది, మళ్ళీ పెడితే కూర్చుంటుంది. లోపల వేళ్ళు పట్టేంత చోటు. ముందు పైలట్ల కుర్చీలు పెట్టాను. గోడల వెంట మడత బల్లలు, నేల మీద సరుకులు జారడానికి గీతల్లా సన్నటి పట్టీలు. గాయాలకి కట్టే పలుచటి గుడ్డతో చిన్న చిన్న మూటలు కుట్టి అందులో నూకలు పోశాను, ఒక మూటలో ఇంకో మూట. ఎడమ గోడ పై అంచున, కుర్చీల నుంచి వాకిలి దాకా, ఒక సన్నటి తీగ బిగించాను. వాకిలి అంచుల్ని మాత్రం బాగా తెలిసేలా లావు చేశాను. వేలు గుచ్చుకోకుండా ప్రతి మూలా అరగదీశాను. రంగు వేయలేదు. పొట్ట కింద గులాబీ చిగురు అలాగే కనపడుతూ ఉంది, ఉండనీ అనుకున్నాను.

అమ్మ స్నానం చేసి, విభూతి పెట్టుకుని వచ్చి కూర్చుంది, గుడికి పోయేటప్పటిలా. విమానం ఆమె ముందు పెట్టి వీపు తీసేశాను. ఆమె వేళ్ళు ముక్కు దగ్గర మొదలయ్యాయి.

"ఇది తోలేవాడు కూర్చునే కుర్చీ" అన్నాను. "ఇట్నే వెనక్కి రా. ఇది బల్ల. ఇవి మూటలు."

మూట ఒకటి నొక్కి చూసింది. "రెండు సంచులు కుట్టినావా?" అని నవ్వింది.

వేళ్ళు మెల్లగా వెనక్కి నడిచాయి. ఎడమ గోడ పట్టుకుని వస్తున్న వేలికి ఒకచోట గోడ అయిపోయింది. చూపుడు వేలు వాకిట్లోంచి బయటికి వచ్చి గాలిలో ఆగింది. అమ్మ నవ్వు పోయింది. వేలు లోపలికి తీసుకుంది, మళ్ళీ బయటికి పెట్టింది. వాకిలి కింది అంచు, పై అంచు, రెండు పక్కలా తడిమింది. కింద రెక్క లేదని, నేల లేదని, ఏమీ లేదని చూసుకుంది.

"ఇంత పెద్ద వాకిలా?"

"అవునమ్మా."

"ఈడనా ఆయన?"

"ఈడనే."

"పక్కన పట్టుకొనేదానికి ఏమన్నా ఉండాదా?"

నేను వెతికి చదివినంతలో నడుముకి కట్టుకునే పట్టీ ఉండేదని, దాని కొస పైన తీగకి తగిలించేవాళ్ళని చెప్పాను. ఆమె ఆ తీగ ఎక్కడ అని అడిగి, తడిమి చూసి, దాన్ని లాగి కూడా చూసింది. ఊడలేదు. నేను చేసిన పనిని ఇంత గట్టిగా పరీక్ష చేసినవాళ్ళు లేరు.

"మేక కథ చెప్పె, ఉప్పు మూట కథ చెప్పె" అంది తీగ వదిలిపెట్టి. "నవ్వించి నవ్వించి దీన్ని మాత్రం చెప్పకుండా పోయె, దొంగ." ఆ మాటలో కోపం లేదు. అంత ముద్దుగా ఆమె నాయనని తిట్టడం నేనెప్పుడూ వినలేదు.

తర్వాత మనిషిని అడిగింది. మనిషి లేకుండా వాకిలి ఉత్త వాకిలే కదా అంది. పళ్ళకి వాడే మైనంతో చూపుడు వేలి రెండు కణుపులంత ఒక మనిషిని చేసి ఇచ్చాను. ఆమె ఒప్పుకోలేదు. "భుజాలు ఇంత వెడల్పు యాడుండె మీ నాయనకి? మెడ పొట్టి చెయ్. తల కొంచెం ముందుకి." నేను చెక్కడం, ఆమె తడిమి తప్పు పట్టడం. మా ల్యాబ్‌లో ఏ డాక్టరూ ఏ పళ్ళసెట్టునీ ఇన్నిసార్లు తిప్పి పంపలేదు. నాకు కోపం రాలేదు, అదే విచిత్రం. చివరికి ఆమె వేళ్ళు మైనం మీద ఆగిపోయాయి. అయిందని నాకు అర్థమైంది.

ఆ మనిషిని వాకిలి దగ్గర, బయటికి చూస్తున్నట్టు, మూట మీద చేయి పెట్టి నిలబెట్టాను. నడుముకి నైలాన్ దారం కట్టి పై తీగకి ముడి వేశాను. ముడి గట్టిగా ఉందో లేదో అమ్మ చూసుకుంది. ఆ రోజు నుంచి విమానం ఆమె మంచం పక్కన అల్మరా మీదే ఉంది. ఉదయం కాఫీ తాగాక ఒకసారి వీపు తీసి, లోపల చేయి పెట్టుకుని కాసేపు కూర్చుంటుంది.

కొన్నాళ్ళకి ఇల్లు తుడుస్తూ చూస్తే వాకిట్లో మనిషి లేడు. ఎండకి మైనం మెత్తబడి ఊడిపోయాడనుకున్నాను. లోపల వెతికితే దొరికాడు. మళ్ళీ కాళ్ళు సరిచేసి, వాకిలి దగ్గర నిలబెట్టి, కాస్త వేడిచేసిన మైనంతో పాదాలు అతికించాను. మర్నాడు చూస్తే మళ్ళీ లేడు. ఈసారి బాగా చూశాను. పైలట్ల కుర్చీల వెనక, గోడ పక్కనున్న బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పడిపోయిన మైనం మోకాళ్ళ దగ్గర అంత చక్కగా వంగదు. ఎవరో అరచేతిలో పెట్టుకుని వెచ్చబరిచి, కాళ్ళు మెల్లగా మడిచి, వీపు గోడకి ఆనించి కూర్చోబెట్టారు. నడుముకి దారం అలాగే ఉంది.

"అమ్మా, నాయనని నువ్వే జరిపినావా?" అన్నాను.

అమ్మ మంచం మీద కూర్చుని జడ వేసుకుంటోంది. చేతులు ఆపలేదు.

"మూటలన్నీ తోసేసినాడు గదే. ఇంక కూర్చోనీ."